ఎల్‌ఎల్‌ఆర్ చేతికిచ్చి నెల రోజులు వదిలేస్తే ఎట్లా?

ఉమ్మడి వరంగల్ జిల్లా రవాణా శాఖ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషిని. హన్మకొండలో ఉంటాను. సర్వీసులో ఉన్నన్నాళ్లు పరకాల, ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట రూట్లలోనే ఎక్కువగా తిరిగాను. ఇప్పుడు ఇంట్లో ఖాళీగా కూర్చోలేక మా కాలనీ పిల్లలకు, వాళ్ల తల్లులకు కారో స్కూటీయో నేర్పుతుంటాను. పైసలేమీ తీసుకోను, చాయ్ మాత్రం తాగుతాను.

స్లాట్లు దొరకవనీ, సర్వర్ డౌన్ అనీ, ఏజెంట్ లేనిదే ఫైలు కదలదనీ పేపర్లలో ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఆ సంగతి వాళ్లకే వదిలేస్తున్నా. నేను మాట్లాడదలచుకున్నది ఎవరూ పట్టించుకోని ఒక నెల గురించి. ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్స్) చేతికొచ్చిన నాటి నుంచి పక్కా లైసెన్స్ కోసం డ్రైవింగ్ టెస్టు ట్రాక్ మీదికి వచ్చే దాకా మధ్యలో ఉండే నెల అది.

చట్టం ఆ నెలను ఊరికే పెట్టలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు నిండితే గానీ డ్రైవింగ్ టెస్టుకు రానివ్వరు. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. ఆ లోపల బండి తీస్తే పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, అవసరం పడితే బండి ఆపగలిగేట్టు కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. ఆ పలక 18 సెంటీమీటర్ల చదరం ఉండాలని కొలత కూడా రాశారు. బైకైతే నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు.

ఇప్పుడు ఒక సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో నిలబడి చూడండి. ఎర్ర ఎల్ బోర్డు డ్రైవింగ్ స్కూల్ కార్లకు తప్ప ఇంకే బండికీ కనపడదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న పిల్లలు మాత్రం వందల్లో తిరుగుతుంటారు, వెనక ఇద్దరిని ఎక్కించుకుని. అడిగితే, “ఎల్‌ఎల్‌ఆర్ ఉంది గదా కాకా, పోలీసులు ఆపినా ఏం గాదు” అంటారు. వాళ్ల దృష్టిలో అది ఫైన్ పడకుండా చూపించే చీటీ. ఎప్పుడైపోతుందా అని వేళ్ల మీద లెక్కపెట్టే రోజులే ఆ 30 రోజులు.

వాళ్లను మాత్రం ఏమనగలం? ఎల్‌ఎల్‌ఆర్ టెస్టుకు ముందు రోజు రాత్రి ఫోన్‌లో ప్రశ్నలు చూసుకుని బట్టీ పడతారు. కంప్యూటర్ ముందు కూర్చుని గుర్తులన్నిటికీ టకటకా టిక్ పెట్టి బయటికి వస్తారు. ఆ తర్వాత నెల రోజుల దాకా ఆ పిల్లాడు ఏం చేస్తున్నాడో, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడో, అసలు నేర్చుకుంటున్నాడో లేదో అడిగేవాళ్లు లేరు. మళ్లీ ట్రాక్ మీదే కనపడతాడు.

ఇక ట్రాక్ సంగతి. మా వీధిలో ఒక అబ్బాయి డ్రైవింగ్ స్కూల్లో చేరి, కారు ట్రాక్ టెస్టు మొదటిసారికే పాసయ్యాడు. హెచ్ ఆకారంలో రివర్స్ అంటే చాలామందికి చెమటలు పడతాయి కాబట్టి, ఎట్లా చేశావురా అని అడిగాను. గుర్తున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు: వెనక అద్దం మూలకు మూడో పోల్ రాగానే ఆపాలి. స్టీరింగ్ ఎడమకు ఫుల్లు కొట్టాలి. డోర్ హ్యాండిల్ దగ్గరికి పోల్ వచ్చినప్పుడు తిన్నగా చేసుకోవాలి. స్కూల్ కారు వెనక అద్దం మీద చిన్న స్టిక్కర్ ముక్క అంటించి ఉంటుందట, అది తెల్ల గీతతో కలిసిందంటే బ్రేక్ వేయాలి. అంతా విన్నాక వాళ్ల నాన్న కారిచ్చి, మా సందులోంచి రివర్స్‌లో మెయిన్ రోడ్డు మీదికి తీయమన్నాను. సందులో పోల్ లేదు, కారుకు స్టిక్కర్ లేదు. అద్దంలో వాడికి ఏం చూడాలో తెలియలేదు. ఒక ముసలమ్మ కూరగాయల సంచితో వెనక నుంచి వస్తోంది. నేను హ్యాండ్ బ్రేక్ లాగాను.

ఆ అబ్బాయికి లైసెన్స్ వచ్చి అప్పటికే చాలా రోజులైంది. మీ ఇన్‌స్పెక్టర్ గారు తప్పు చేయలేదు. వాడు ట్రాక్ మీద నిజంగానే బాగా నడిపాడు. నేర్పిన స్కూల్ వాళ్లనూ పెద్దగా అనలేను, టెస్టులో ఏది అడుగుతారో అదే నేర్పుతారు.

కానీ నిబంధనలు అడగమన్నది ఇంత తక్కువ కాదు. టెస్టులో ఏమేం చూడాలో 15వ నిబంధనలో ఒక పెద్ద పట్టికే ఉంది. అద్దాలు సరిచేసుకోవడం దగ్గర మొదలుపెట్టి ఓవర్‌టేక్ చేయడం, వెనక వాళ్లను ఓవర్‌టేక్ చేయనివ్వడం, మూలమలుపులు తిరగడం, ఉన్నట్టుండి ఆపాల్సి వస్తే ఆపడం, దిగుడులో గేరు తగ్గించడం, నిటారు ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించడం దాకా అన్నీ ఉన్నాయి. ట్రాక్ మీది ఎనిమిది, ఎస్, హెచ్ ఆకారపు గీతల మీద ఇందులో సగం కూడా బయటపడదు. ఎత్తు మీద బండి ఆపి కదిలించడం రాని మనిషి కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కుతుండగా ముందు బండి ఆగిందనుకోండి, వెనక్కి జారతాడు. వెనక నా బస్సుంటుంది. నేను హారన్ కొట్టి ఏం లాభం, అతనికి హాఫ్ క్లచ్ ఎవరూ నేర్పలేదు. టెన్షన్‌లో క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తాడు, బండి ఆగిపోతుంది, మళ్లీ జారుతుంది.

టెస్టు మార్చడం మీ జిల్లా ఆఫీసుల చేతిలో లేదని నాకు తెలుసు. ట్రాకులు కట్టాలంటే హైదరాబాద్ నుంచి నిధులు రావాలి, టెండర్లు పిలవాలి, ఏళ్లు పడుతుంది. అందుకే ట్రాక్‌ను పక్కనపెట్టి ఆ నెల రోజుల గురించి అడుగుతున్నాను. దానికి నిధులతో పెద్దగా పని లేదు.

నేను అడిగే మొదటి పని కాస్త వింతగా అనిపించవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న ప్రతి ఒక్కరినీ ఆ నెలలో ఒక్క అరగంట, డిపోలో నిలిపి ఉంచిన బస్సులో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. ఇంజిన్ ఆపే ఉండాలి, బస్సు అంగుళం కూడా కదలనక్కర్లేదు.

ఎందుకంటే, నేను సర్వీసులో ఉన్నప్పుడు ఎక్కువ భయపడింది లారీలకు కాదు, బస్సు ఎడమ పక్క నుంచి దూరే బైకులకు. బస్సు స్టాప్ దగ్గరికి వస్తోంది, ఇండికేటర్ వేశాం, ఎడమకు జరుగుతున్నాం, సరిగ్గా అప్పుడే బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోకి కాలేజీ పిల్లాడు బైక్ దూరుస్తాడు. అదే సందులోకి దిగడానికి ఫుట్‌బోర్డు మీద ఒక ముసలాయన చేతికర్రతో నిలబడి ఉంటాడు. పిల్లాడి లెక్క ప్రకారం డ్రైవర్‌కు వాడు కనపడుతున్నాడు, అంత పెద్ద అద్దం ఉంది కదా మరి. కనపడడు. అద్దంలో నాకు కనపడేది ముందు బస్సు పక్క రేకు, ఆ తర్వాత వెనక రోడ్డు. ముందు టైరు పక్కన ఉన్న బైక్ అద్దం కిందికి వెళ్లిపోతుంది. ముందు బంపర్‌కు ఆనుకుని నడిచే చిన్న పిల్లలు కూడా అంతే.

ఇది నోటితో చెబితే ఎక్కదు. మా కాలనీకి ఒక స్కూల్ బస్సు వస్తుంది. ఆ డ్రైవర్ తమ్ముడిని అడిగి ఒక ఆదివారం ఈ ప్రయోగం చేశాను. ఇంటర్ అయిపోయి అప్పుడే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న పిల్లాణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. వాడి బైక్‌నే తెచ్చి ఎడమ ముందు టైరు పక్కన స్టాండ్ వేసి నిలబెట్టాను. కళ్లు తెరిచి, నీ బైక్ ఎక్కడుందో చెప్పరా అన్నాను. ఎడమ అద్దంలో చూశాడు, కుడి అద్దంలో చూశాడు, సీట్లోంచి లేచి ముందుకు వంగి చూశాడు. “కాకా, ఎవరన్నా తీస్కపోయిన్రా ఏంది” అన్నాడు. దిగి వెళ్లి, బైక్ సీటు మీద చెయ్యేసి, తలెత్తి అద్దం వైపు కాసేపు అలాగే చూశాడు. నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అప్పటి నుంచి బస్సు ఆగితే వాడు వెనకే ఆగుతున్నాడని వాళ్లమ్మ చెప్పింది. తల్లి మాట కాబట్టి కొంచెం తగ్గించి తీసుకుందాం. అయినా సరే.

హన్మకొండ, వరంగల్, పరకాల, నర్సంపేట, భూపాలపల్లి, జనగామ, తొర్రూరు, మహబూబాబాద్... ఉమ్మడి జిల్లాలో డిపోలకు కొదవ లేదు. ప్రతి డిపోలో ఏదో ఒక స్పేర్ బస్సు నిలబడే ఉంటుంది. మీ శాఖా, ఆర్టీసీ ఒకే మంత్రి గారి కింద పనిచేస్తాయి. ఒక్క సర్క్యులర్ చాలు.

రెండోది, మన రోడ్ల గురించి. ఎల్‌ఎల్‌ఆర్ ప్రశ్నల్లో గుర్తులుంటాయి, జీబ్రా క్రాసింగ్ ఉంటుంది. మంచిదే. కానీ మన పిల్లలు పోతున్నది జీబ్రా క్రాసింగ్ దగ్గర కాదు. నవంబర్ దగ్గరపడితే వానాకాలం వడ్లు, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు రోడ్డెక్కుతాయి. రాత్రి పూట పరకాల రోడ్డు మీదో, ఆత్మకూరు దాటాకో చూడండి. సగం రోడ్డు వడ్లే. వాటి మీద నల్ల కవర్, అది గాలికి లేవకుండా అంచుల పొడవునా బండరాళ్లు. చీకట్లో నల్ల కవర్ తారు రోడ్డులో కలిసిపోతుంది. ఎదురుగా ఇసుక లారీ హైబీమ్‌తో వస్తే ఇక రాయి ఎక్కడ కనపడుతుంది?

రైతును నేను తప్పుపట్టను. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. అందరికీ కల్లాలు లేవు, ఎండ తగిలే నున్నటి జాగా అంటే రోడ్డే. మా అన్న కూడా అక్కడే ఆరబోస్తాడు. కాబట్టి రేపో మాపో వడ్లు రోడ్డు దిగుతాయని నేననుకోను. అవి ఉంటాయని తెలిసే నడపడం నేర్పాలి. ఎదుటి లైటు కళ్లలో పడితే స్పీడు తగ్గించి రోడ్డు ఎడమ అంచును చూస్తూ పోవాలి. లారీ దాటేదాకా వడ్ల కుప్పకు ఇవతలే ఆగాలి. డిప్పర్ కొట్టినా అవతలి వాడు దించకపోతే పంతానికి పోయి మనమూ హైబీమ్ పెట్టకూడదు. ఇట్లాంటివి పది ప్రశ్నలు తయారుచేయడం మీకు గంట పని. మీ దగ్గర ఆ రోడ్ల మీదే తిరిగే ఇన్‌స్పెక్టర్లున్నారు, నాకంటే బాగా చెబుతారు. ఎనుమాముల మార్కెట్‌కు రెండు పక్కలా పొంగే పత్తి లోడుతో, వెనక ఎర్ర లైటు లేకుండా వచ్చే ట్రాక్టర్ ట్రాలీ గురించి ఒకటి వేయండి. మేడారం జాతరప్పుడు తాడ్వాయి అడవి దారిలో బండ్లు మైళ్ల కొద్దీ నిలబడిపోతే రాంగ్ సైడ్‌లోకి దూరడం గురించి ఒకటి.

కంప్యూటర్ పరీక్షలోకి ఇవి ఎక్కించడం మీ పరిధిలో లేదంటే, తెలుగులో నాలుగు పేజీలు ప్రింటు వేసి ఎల్‌ఎల్‌ఆర్‌తో పాటు చేతికివ్వండి. చదవని వాళ్లు చదవరు. చదివే వాళ్లు కొందరుంటారు.

ఎల్ బోర్డు సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆ ఎర్ర అక్షరం ఉన్న స్టిక్కర్లు రెండు మీరే ఇచ్చేయండి, అక్కడే అంటించి పంపండి. బోర్డు పెట్టుకుంటే నామోషీ అనుకునే పిల్లలకు అందరి బండికీ ఉంటే నామోషీ ఉండదు. వెనక వచ్చే మాలాంటి వాళ్లకు కూడా కాస్త దూరం ఇవ్వాలని తెలుస్తుంది.

ఆడవాళ్ల గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. చట్టం పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలంటుంది. చాలా ఇళ్లలో ఆ మనిషి భర్త. తెల్లవారుజామున సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వైపు వెళ్తే ఈ జంటలు కనపడతాయి. ఆమె స్కూటీ స్టార్ట్ చేసే లోపే ఆయన బ్రేక్, బ్రేక్ అని కేకలు మొదలుపెడతాడు. నాలుగో రోజుకు ఆమె, “నాకొద్దు, బస్సులోనే పోత” అంటుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, సంతోషమే, మా బస్సు నిండితే నాకూ ఆనందమే. కానీ నైట్ డ్యూటీ దిగి ఇంటికి చేరాల్సిన నర్సుకు, పొద్దున్నే రెండు ఊళ్లు దాటి వెళ్లాల్సిన టీచరమ్మకు బస్సు టైము కుదరదు. నేర్చుకోవాలని ఉన్నా అరిచే మొగుడు తప్ప నేర్పే దిక్కు లేదు. మహిళా సంఘాల్లో ఇప్పటికే లైసెన్సున్న వాళ్లు ఊరికొకరైనా ఉంటారు. వాళ్లను గుర్తించి, ఒక రోజు ఎట్లా నేర్పాలో మీ ఇన్‌స్పెక్టర్ల చేత చెప్పించి, మీ ఆఫీసులో ఒక జాబితా పెట్టండి. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న చెల్లెలు ఫలానా ఊర్లో ఫలానా అక్క దగ్గర నేర్చుకోవచ్చని చెప్పండి. వాళ్లకు ఎంతో కొంత ముట్టేట్టు చూస్తే ఇంకా మంచిది, ఊరికే ఎన్నాళ్లు చేస్తారు?

ములుగు, భూపాలపల్లి వైపు గూడేల్లో అక్కడక్కడా ఎల్‌ఎల్‌ఆర్ మేళాలు పెడుతున్నారు, పోలీసులు కూడా ముందుకొస్తున్నారు. ఆఫీసు దాకా వస్తే ఆ రోజు కూలీ పోతుంది కాబట్టి అది నిజంగా మంచి పని. కానీ మేళాలో కాగితం ఇచ్చి, ఫొటో దిగి వచ్చేస్తే సగం పనే అయినట్టు. మళ్లీ ఒక్కసారి అదే ఊరికి వెళ్లి నేర్చుకున్నారా లేదా అని చూడండి. ఆ పిల్లల్లో చాలామంది రేపు ఆటో ట్రాలీ ఎక్కేవాళ్లు. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సే సరిపోతుంది, ట్రాన్స్‌పోర్ట్ అని వేరేగా రాయించుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో చెప్పింది. బతుకుతెరువు చూసుకునే పిల్లలకు అది పెద్ద ఊరట. దానికి ఇంకో పక్క కూడా ఉంది. సొంత కారుతో హెచ్ తిప్పి లైసెన్స్ తీసుకున్న పిల్లాడే మిర్చి బస్తాల లోడుతో ములుగు రోడ్డు ఎక్కుతాడు. లోడుతో బ్రేక్ ఎంత దూరంలో పడుతుందో వాడికి ఎవరు చెప్పారు?

ఇంత పట్టుబట్టడం ఎందుకని మీరు అనుకోవచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ మీద ఉన్నవాళ్లు. కార్లకు కనీసం డ్రైవింగ్ స్కూళ్లున్నాయి. కేంద్రం 2021లో గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల నిబంధనలు తెచ్చి, కారుకు 29 గంటల శిక్షణ ఇవ్వాలని, అది పూర్తిచేసి పాసైన వాళ్లకు ఆర్టీఏ ట్రాక్ టెస్టు అక్కర్లేదని కూడా చెప్పింది. మరి ఎక్కువమంది పోతున్న బైక్ నేర్పే స్కూల్ మన దగ్గర ఎంతమందికి తెలుసు? అన్న దగ్గరో, దోస్తు దగ్గరో, ఊరి బయట రోడ్డు మీద నేర్చుకున్నదే చదువు. అన్నకు ఏ పాడలవాటుంటే తమ్ముడికి అదే వస్తుంది.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు బండిచ్చే తల్లిదండ్రుల గురించి ఇక్కడ ఎక్కువ రాయను, అది వేరే లేఖ. మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ కింద తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వకపోవడం అన్నీ ఉన్నాయి. ఎల్‌ఎల్‌ఆర్ కోసం వచ్చే ప్రతి పిల్లాడి వెనక ఒక తండ్రో తల్లో నిలబడి ఉంటారు. లోపల పిల్లాడు పరీక్ష రాస్తున్నంతసేపూ బయట బెంచీ మీద ఖాళీగానే కూర్చుంటారు. ఇంట్లో ఇంకా చిన్నవాడు ఉంటే వాడి గురించి ఆ పది నిమిషాల్లోనే చెప్పేయవచ్చు.

నాకు కావాల్సిన జవాబు పెద్దదేమీ కాదు. ఈసారి వానాకాలం వడ్లు రోడ్డెక్కే లోపు ఏదో ఒక్క డిపోలో, ఒక్క బ్యాచ్ ఎల్‌ఎల్‌ఆర్ పిల్లలతో మొదలుపెట్టి చూడండి. పరకాల అయితే నాకు సులువు, ఆ డిపోలో నన్ను ఇంకా గుర్తుపట్టే వాళ్లున్నారు. చెప్పడానికి నాతో పాటు రిటైరైన డ్రైవర్లు మరికొందరు వస్తామన్నారు. జీతం అడగం, బస్ పాస్ ఎలాగూ ఉంది. స్పేర్ బస్సు ఒకటి, దాని ఎడమ పక్కన నిలబెట్టడానికి బైక్ ఒకటి ఇప్పించండి. తాళాలు డిపో వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్
హన్మకొండ